తూకానికి ముందు రోజు

బుల్లమ్మ ఫోను చేసేటప్పటికి నూకరత్నం విశాఖపట్నంలో స్పోర్ట్స్ హాస్టలు వరండాలో నిలబడి ఉంది. మర్నాడు జరగబోయే రాష్ట్ర స్థాయి వెయిట్ లిఫ్టింగ్ పోటీలకు కాగితాల పని అప్పుడే పూర్తయింది. తెల్లవారుజామున నర్సీపట్నంలో మొదటి బస్సెక్కి, తను తయారుచేసిన పిల్లల్లోకెల్లా మెరికలాంటి గౌతమిని వెంటబెట్టుకొచ్చింది. ఇక ఆ పూటకు చేయవలసిందేమీ లేదు. పిల్లని పడుకోబెట్టి, తిండీ నీళ్లూ ముట్టకుండా కాపలా కాయడమే.

"మేడమ్మగోరాండీ? నేను గౌతమి అమ్మనండి, బుల్లమ్మని."

నూకరత్నం ఆ గొంతు విని చాలా కాలమైంది. "ఆఁ బుల్లమ్మా, సెప్పు."

"మీరు ఇశాపట్నం వొచ్చారని మా ఊరోళ్లు సెప్పారండి. ఈ రాత్రి మమ్మల్ని గుజరాతు రైలెక్కించేస్తన్నారు. అక్కడి రొయ్యల ఫ్యాక్టరీకంట. ఏడాది దాకా పంపరంట. పిల్లనొక్కపాలి సూపించండమ్మా. సాయంత్రం దాకా నాకు షిఫ్టు, గేటు దాటనివ్వరు. మాది భీమిలి దగ్గరే. మీరే తేవాల."

"సూద్దాంలే" అని నూకరత్నం ఫోను పెట్టేసింది.

మామూలు రోజైతే ఇందులో ఆలోచించడానికేముంది? పొద్దున్న వెళ్తే సాయంత్రానికి తిరిగొచ్చే దూరం. పట్నం వచ్చినవాళ్లు సరదాకైనా ఓ పూట భీమిలి వెళ్లొస్తారు. కానీ గౌతమి పేరు నలభై ఎనిమిది కేజీల విభాగంలో ఉంది. పోటీకి ముందు ఆడపిల్లలందర్నీ వరసగా తూకం మిషనెక్కిస్తారు. అంతకు మించి పిసరు ఎక్కువున్నా ఆ విభాగంలో బార్ ముట్టుకోనివ్వరు. పొద్దున్న హాస్టలు మిషను మీద చూస్తే గౌతమి ఆ లెక్కకి దాదాపు అరకేజీ ఎక్కువుంది. అది రేపటికి దిగాలి. దిగాలంటే పిల్ల కదలకుండా పడుకోవాలి, నోరు కట్టుకోవాలి. ఎండలో సిటీ బస్సెక్కి తిరిగితే చెమటకు బరువు దిగొచ్చు గానీ, దాంతోపాటు బలమూ దిగిపోతుంది. పైగా పిల్లను చూసి రెండేళ్లయిన తల్లి ఉత్త చేతులతో వస్తుందా? ఏదో ఒకటి పెట్టక మానుతుందా?

అసలు చిక్కు అదొక్కటే కాదు. గౌతమి తన తల్లితో మాట్లాడటం మానేసింది.

ఆ పిల్లది చింతపల్లి పైన కొండ మీది ఊరు. తండ్రి మత్స్యరాజు పోయాక బుల్లమ్మ కూలీల్ని కుదిర్చే ఒక మేస్త్రి వెంట రొయ్యలు ఒలిచే పనికి దిగింది. పిల్లని నాయనమ్మ దగ్గరా, తరవాత నర్సీపట్నం హాస్టల్లోనూ ఉంచింది. కిందటేడు గౌతమికి మలేరియా వచ్చి వారం పైగా ఆసుపత్రిలో ఉంటే, కబురందినా బుల్లమ్మ రాలేదు. మంచం పక్కన కూర్చున్నది నూకరత్నమే. ఆ జ్వరంలో పిల్ల ఎంతసేపు తలుపువైపు చూసిందో ఆమెకు తెలుసు. తగ్గి లేచాక తల్లి ఫోను చేస్తే గౌతమి తీసుకోలేదు. ఆ తరవాత ఎప్పుడూ తీసుకోలేదు.

నూకరత్నం వరండాలోనే అటూ ఇటూ తిరిగింది. ఆమెకు నలభై మూడేళ్లు. నర్సీపట్నం పక్కనే బలిఘట్టంలో పుట్టింది. తండ్రి చెరకు నరికే కూలీ. చెరకు మోపుల్ని బండి మీదికి మగాళ్లతో సమానంగా విసురుతుంటే చూసి, హైస్కూలు డ్రిల్లు మాస్టారు ఆమె చేతికి ఇనప బార్ ఇచ్చాడు. రాష్ట్రం పతకాలు రెండొచ్చాయి. జాతీయ పోటీలకి వెళ్లాల్సిన ఏడు కుడి భుజం జారింది, అంతటితో ఆగిపోయింది. చింతపల్లి రోడ్డులో టైర్ల షాపు నడిపే సోములుని పెళ్లి చేసుకుంది. పగలు ఒక ప్రైవేటు బళ్లో ఆటల టీచరు. సాయంత్రం షాపు వెనక రేకుల షెడ్డులో డజను మంది ఆడపిల్లలకి బార్ పట్టడం నేర్పుతుంది. ఇన్నేళ్లలో ఆ షెడ్డు నుంచి రాష్ట్రం జట్టులోకి ఒక్క పిల్లా వెళ్లలేదు. గౌతమి వెళ్తుందని అందరికీ నమ్మకం. ఆమెకైతే ఆ నమ్మకం రాత్రిళ్లు నిద్రపట్టనివ్వనంత.

వాళ్లతోపాటు వచ్చిన రమణబాబు, నర్సీపట్నంలో ఈ ఆట నడిపే సంఘానికి కార్యదర్శి. ఎరువుల కొట్టు ఆయనది. పిల్లల బూట్ల దగ్గర్నుంచి బస్సు చార్జీల దాకా తన జేబులోంచి పెట్టే మనిషి. ఆయన గేటు దగ్గర టీ తాగుతుంటే నూకరత్నం వెళ్లి సంగతి చెప్పింది.

"ఇప్పుడెందుకండీ ఆ పిల్లకి చెప్పడం? రేపు పోటీ అయిపోయాక చెప్పండి" అన్నాడాయన.

"రేపటికి రైలెళ్లిపోద్ది కదండీ."

"అందుకే చెప్పొద్దంటున్నాను." గ్లాసు కింద పెట్టి నెమ్మదిగా అన్నాడు. "మీరే ఆలోచించండి. ఇప్పుడు ఆ పిల్ల మనసు కెలికితే రేపు బార్ దగ్గర నిలబడగలదా? ఆ తల్లి జ్వరానికి రాలేదు, ఇప్పుడు ఫోను చేసిందని మనం పరిగెత్తాలా?"

ఆయన అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. నూకరత్నం సరేనని తలూపి మెట్లెక్కింది. చెప్పకూడదనే అనుకుంటూ ఎక్కింది.

గదిలో గౌతమి కిటికీ వైపు తిరిగి పడుకుని, తడిబట్టతో పెదాలు అద్దుకుంటోంది. "ఫోను ఎవరు మేడం?" అంది అటే తిరిగి.

"మా ఇంటికాడ నుంచి."

"సోములు సార్ బాగున్నారా?"

"ఆఁ, బాగున్నారు."

నూకరత్నం కుర్చీలో కూర్చుంది. ఫ్యాను కిర్రుమంటోంది. ఇప్పుడు చెప్పకపోతే రేపు పోటీ అయ్యాక చెప్పాలి. చెప్పినప్పుడు ఈ పిల్ల తన వంక ఎలా చూస్తుందో ఆమె కళ్లకు కట్టింది. అసలెప్పటికీ చెప్పకుండా ఉండొచ్చన్న ఆలోచన కూడా వచ్చింది. అది వచ్చినందుకే ఆమె కుర్చీలోంచి లేచింది.

"గౌతమీ, లేచి కూకో. మా ఇంటి ఫోను కాదది. మీ యమ్మ చేసింది."

చెప్పవలసినదంతా చెప్పింది. గుజరాతు, రాత్రి రైలు, ఏడాది. గౌతమి లేచి కూర్చుని జుట్టు ముడేసుకుంది. విప్పి మళ్లీ ముడేసుకుంది.

"నాకు జరమొచ్చినప్పుడు రానేదు" అంది చివరికి. "నేనెల్లను మేడం."

నూకరత్నానికి గుండెల మీంచి బరువు దించినట్టయింది. చెప్పడమూ అయింది, వెళ్లే పనీ లేదు. మరుక్షణమే, ఆ తేలికపడటం ఆమెకు తనమీదే ఏవగింపు పుట్టించింది. "నీ ఇష్టమే" అంది.

గౌతమి మళ్లీ పడుకుంది. అటు తిరిగింది, ఇటు తిరిగింది. బాత్రూములోకి వెళ్లి తలుపేసుకుంది. కుళాయి చప్పుడు వింటూ, నీళ్లు గానీ తాగేస్తోందా అని నూకరత్నం చెవి రిక్కించింది. తలుపు తీసుకుని వచ్చిన పిల్ల మొహం కడుక్కుని ఉంది.

"గుజరాతంటే ఎంత దూరం మేడం?"

"రైల్లో రెండు రాత్రులు పడతాదేమో."

"అయితే ఎల్దాం. ఒకటి అడగాల."

"ఏటడగాల?"

"అడగాల" అని చెప్పులేసుకుంది.

భీమిలి బస్సులో సీటు దొరికింది గానీ, ఎండ వైపు దొరికింది. రుషికొండ దాటాక సముద్రం పక్కనే వచ్చినా గౌతమి అటు చూడలేదు, ఎదుటి సీటు కమ్మీ పట్టుకుని కూర్చుంది. నుదుటి మీద చెమట చుక్కలు దిగుతుంటే నూకరత్నం వాటినే చూస్తోంది. ఒకసారి అవి మంచివే అనిపిస్తుంది. ఇంకోసారి ఒంట్లో సత్తువంతా కారిపోతున్నట్టనిపిస్తుంది. మధ్యలో రోడ్డు తవ్వేసి ఉండటంతో బస్సు చాలాసేపు ఆగింది. పక్కనున్నావిడ వేడివేడి మొక్కజొన్న పొత్తు ఒలుస్తుంటే గౌతమి మొహం తిప్పుకుని ఉమ్మి మింగింది.

దిగాక ఆటో పట్టుకుని ఫ్యాక్టరీకి చేరేసరికి మధ్యాహ్నం వాలిపోయింది. గేటు దగ్గర వాచ్‌మన్ లోపలికి ఫోను చేసి, "షిఫ్టు దిగేదాకా పంపరండి" అని తేల్చేశాడు. ఎదురుగా సరుగుడు చెట్ల కింద కూర్చున్నారు. గాలికి రొయ్యల వాసన, మంచు నీళ్ల వాసన కలిసి వస్తోంది. నూకరత్నం ఫోను మోగింది. రమణబాబు. మొదటిసారి ఎత్తలేదు. రెండోసారి ఎత్తింది.

"గది తాళం వేసుంది. ఎక్కడున్నారండీ?"

"భీమిలి వచ్చామండి."

"రేపు తూకం తప్పితే జిల్లా సంఘానికి మీరే సమాధానం చెప్పుకోండి" అని ఆయన పెట్టేశాడు.

"సార్ కోప్పడ్డారా?" అంది గౌతమి.

"కోప్పడాల్సిందే. నువ్వు మాటాడకు, గొంతెండిపోద్ది."

గేటు తెరుచుకుని ఆడవాళ్లు గుంపుగా బయటికొచ్చారు. నెత్తిన నీలం టోపీలు, కాళ్లకి రబ్బరు బూట్లు. ఆ గుంపులోంచి ఒకావిడ విడివడి, నాలుగడుగులు పరుగున వచ్చి ఆగిపోయింది. బుల్లమ్మ బాగా చిక్కిపోయింది. నూకరత్నం ఆమె చేతులు చూసింది. మంచులో నానీ నానీ వేళ్ల చివర్లు పాలిపోయి, చర్మం పగిలి ఉంది. ఒక చేతిలో స్టీలు క్యారేజీ.

నూకరత్నం చూపు ఆ క్యారేజీ మీదే ఆగిపోయింది. తెచ్చేసింది!

"ఇంతైపోనావేటే అమ్మీ" అని బుల్లమ్మ కూతురి భుజాలు తడిమింది. "రాయిలాగున్నాయే."

గౌతమి కదల్లేదు. "నాకు జరమొచ్చినప్పుడు ఎందుకు రానేదు?"

పక్కన ఆడవాళ్లు వింటున్నారు. బుల్లమ్మ చెయ్యి తీసేసింది. కబురందలేదని చెప్తుందని నూకరత్నం అనుకుంది. అలా చెప్పినా బాగుండుననిపించింది.

"వొద్దామనే బట్టలు సదురుకున్నాను. ఎల్తే మల్లీ పన్లోకి రాకు అన్నాడు మేస్త్రి. ముసిలిది ఉంది, మేడమ్మగోరు ఉన్నారు, సూసుకుంతారు అనుకున్నాను. ఈ పని పోతే మరేటుంది మనకి? అందుకే ఉండిపోనాను."

"నేను సచ్చిపోతే?"

"సచ్చిపోతే నేనూ ఉండకపోదును" అంది బుల్లమ్మ. ఆమె ఏడవలేదు. ఎన్నోసార్లు తనలో తాను చెప్పుకున్న జవాబులా వచ్చిందది. గౌతమి తలొంచుకుని చెప్పు కొసతో ఇసక గీసింది. క్షమించినట్టూ లేదు, కోప్పడినట్టూ లేదు.

కాసేపటికి బుల్లమ్మే చెట్టు కింద కూలబడి క్యారేజీ విప్పింది. పై గిన్నెలో రొయ్యల వేపుడు, కింద అన్నం. "పొద్దున్నే లేసి వొండేను. తిను."

"తినకూడదు. రేపు నన్ను తూస్తారు."

"మనిషినెందుకు తూస్తారే?"

నూకరత్నం పక్కన కూర్చుంది. "ఒకే బరువున్న పిల్లల్ని ఒక వరసలో పెట్టి పోటీ ఆడిస్తారు బుల్లమ్మా. ఇది ఇప్పటికే రవ్వంత ఎక్కువుంది. రేపు దిగకపోతే ఆడనివ్వరు. నిన్నట్నుంచీ కడుపు మాడ్చుకుని ఉంది."

బుల్లమ్మ వెంటనే గిన్నె మూత పెట్టేసింది. "అయితే వొద్దు. వొద్దే తల్లీ. నాకేటి తెలుసు." క్యారేజీని కొంగు కింద దాచినట్టు వెనక్కి జరిపింది.

ఆమె బతిమాలి ఉంటే నూకరత్నం గట్టిగా కాదని ఉండేదే. ఆ మాట బస్సులోనే సిద్ధం చేసుకుంది కూడా. గౌతమే అమ్మ వెనక్కి చెయ్యి చాపి క్యారేజీ ముందుకు లాక్కుంది. మూత తియ్యకుండా నూకరత్నం వంక చూసింది.

"మేడం, రెండు ముద్దలు."

వద్దంటే వినే పిల్లే. ఒక్క తల ఊపుతో ఆగిపోయేది. ఈ పిల్ల జట్టులోకి ఎంపికైతే రేకుల షెడ్డుకి ఒక పేరు వస్తుంది. ఈ పిల్లకి చదువుకి సీటు, తరవాత ఉద్యోగమూ రావచ్చు. అదంతా నూకరత్నం నోటి చివర ఉంది. ఎదురుగా ఏడాది పాటు కూతుర్ని చూడబోని మనిషి నేల చూపులు చూస్తోంది.

"తిను" అంది నూకరత్నం.

బుల్లమ్మే కలిపి పెట్టింది. రెండు ముద్దలతో ఆగలేదు. నూకరత్నం లెక్కపెట్టడం మానేసి, రోడ్డు మీద పోయే లారీల వైపు చూస్తూ కూర్చుంది. చివర్న పిల్ల నీళ్లు తాగిన గుటకల చప్పుడు మాత్రం ఆమెకు ఒక్కొక్కటీ వినిపించింది. అంతలోనే మేస్త్రి వ్యాను హారను కొట్టింది. "సామాన్లు కట్టుకోవాలంట" అని బుల్లమ్మ లేచి, కూతురి మూతి తన కొంగుతో తుడిచి, వెనక్కి తిరిగి చూడకుండా గబగబా వెళ్లిపోయింది.

తిరుగు బస్సులో నిలబడటానికే చోటు దొరికింది. హాస్టలుకి వచ్చాక మిషనెక్కిస్తే ముల్లు పొద్దుటి కన్నా చాలా పైన ఆగింది. నూకరత్నం ఆ అంకె పైకి చదవలేదు, పిల్లా అడగలేదు. స్వెట్టరు తొడిగి, దుప్పట్లు కప్పి పడుకోబెట్టింది. వెలుగు రాకముందే లేపి, స్వెట్టరు మీద ప్లాస్టిక్ కోటు వేసి స్టేడియం చుట్టూ పరిగెత్తించింది.

తూకం గంటసేపు జరుగుతుంది. తప్పినవాళ్లు ఆ గంట లోపల మళ్లీ వచ్చి ఎక్కొచ్చు. గౌతమి మొదటిసారి ఎక్కినప్పుడు బల్ల దగ్గరున్న ఆఫీసరమ్మ తల అడ్డంగా ఊపింది. బాగా దగ్గరికొచ్చింది, అయినా ఎక్కువే. గుమ్మం బయట రమణబాబు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. నూకరత్నం వంక చూసి, గోడ గడియారం వంక చూశాడు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

"పద" అని నూకరత్నం గ్యాలరీ మెట్ల వైపు పిల్లని లాక్కెళ్లింది. ఎక్కించింది, దింపింది. పిల్ల తూలుతుంటే తనూ పక్కన పరిగెత్తింది. భుజం సలుపుతోంది, ఊపిరి అందడం లేదు. "ఉమ్ముతూ ఉండు, మింగకు" అని అరుస్తోంది. నోట్లో తడి అయిపోయి గౌతమికి ఉమ్మి కూడా రావడం లేదు. ఒక దగ్గర మెట్టు మీద కూలబడి, "నావల్ల కాదు మేడం" అంది. నూకరత్నం చెయ్యిచ్చి లేపింది. ఆ చెయ్యి వదలకుండా పై మెట్టెక్కింది.

గంట ముగుస్తుందనగా మళ్లీ మిషనెక్కింది. అంకెలు పైకీ కిందకీ ఆడి నిలబడ్డాయి. ఆఫీసరమ్మ వంగి చూసి సంతకం పెట్టమంది. నూకరత్నం గోడకు చేరగిలబడిపోయింది.

అయితే తూకం దాటడం వేరు, ఎత్తడం వేరు. మధ్యలో నీళ్లు, అరటిపండు పెట్టినా పిల్లకి పోయిన సత్తువ తిరిగి రాలేదు. స్నాచ్‌లో, అంటే బార్‌ని ఒక్క ఊపున తల మీదికి లేపే అంశంలో, మొదటిసారి బార్ వెనక్కి పడింది. రెండోసారి ముందుకు పడింది. మూడోది కూడా పోతే పోటీలోంచే పోయినట్టు. షెడ్డులో నవ్వుతూ ఎత్తే బరువది. గౌతమి బార్ ముందు కళ్లు మూసుకుని నిలబడింది. గడియారం అయిపోతోందని నూకరత్నం అరవబోయేలోపల వంగి లేపింది. బార్ ఊగింది, మోచేతులు మడత పడలేదు. సరిగ్గా ఎత్తిందని తెల్ల దీపాలు వెలిగాయి.

రెండో అంశంలో, అంటే బార్‌ని ముందు ఛాతీ మీదికీ అక్కణ్ణుంచి తల మీదికీ లేపేదాంట్లో, కుదురుకుంది. చివరి ప్రయత్నంలో బరువు ఛాతీ దాకా వచ్చింది. అక్కణ్ణుంచి పైకి లేపలేక కింద పడేసింది. మూడో స్థానం. జట్టులోకి తీసుకునేది ఇద్దర్నే. రెండో పిల్లకీ గౌతమికీ తేడా బార్‌కి తగిలించే చిన్న ప్లేట్లు రెండు.

"ఆ ముద్దలు తినకుండా ఉంటే ఈ పిల్ల జట్టులో ఉండేదండీ" అన్నాడు రమణబాబు. కోపంగా కాదు, దిగులుగా. వచ్చే నెల పోటీలకు పిల్లల వెంట వేరే మనిషిని పంపుతానని కూడా అక్కడే చెప్పేశాడు. నూకరత్నం "అలాగేనండి" అంది.

తిరుగు బస్సు తాళ్లపాలెం దగ్గర మలుపు తిరుగుతుండగా బుల్లమ్మ రైల్లోంచి ఫోను చేసింది. నూకరత్నం ఏమీ అనకుండా ఫోను పిల్లకిచ్చింది. గౌతమి ఒక క్షణం దాన్ని చేతిలో పట్టుకుని, చెవి దగ్గర పెట్టుకుంది. "మూడో స్తానం" అంది. "తూకం దాటేను... ఆఁ. నేదు, నేనేటీ ఏడవనేదు." ఆ తరవాత సిగ్నలు పోయింది.

నర్సీపట్నంలో దిగాక సోములు సంగతంతా విని, "పోనీలెద్దూ, వొచ్చే ఏడుంది గదా" అన్నాడు.

"వొచ్చే ఏడుంటాదని నీకెవుడు సెప్పాడు?" అని నూకరత్నం కసిరింది. అన్నాక వంటింట్లోకి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు.

ఆమె భయపడ్డట్టే అయింది. పిల్ల ఎదిగే వయసులో ఉంది. వానలు మొదలయ్యేసరికి గౌతమి ఆ విభాగం దాటేసి, పై బరువులోకి వెళ్లింది. అక్కడ ఎత్తేవాళ్లు ఇంకా గట్టివాళ్లు. మళ్లీ అడుగునుంచి మొదలుపెట్టాలి. ఇప్పుడు ఆదివారాలు తల్లి ఫోను చేస్తే తీసుకుంటుంది. కొన్నిసార్లు రెండు మాటలు మాట్లాడుతుంది, కొన్నిసార్లు ఊరికే వింటుంది.

ఒక సాయంత్రం షెడ్డులో మిగతా పిల్లలు వెళ్లిపోయాక నూకరత్నం ఉండబట్టలేక అడిగింది. "ఆ రోజు నేను నీకు సెప్పకుండా ఉండాల్సిందేటే? సెప్పినా, తీసుకెళ్లకుండా ఉండాల్సిందా?"

గౌతమి అరచేతులకు సుద్దపొడి రాసుకుంటూ ఆలోచించింది. "నాకు తెలీదు మేడం" అంది. "మీకు తెలుసా?"

"నాకూ తెలీదు" అంది నూకరత్నం. బయట వాన మొదలైంది. రేకుల మీద ఆ చప్పుడుకి ఇద్దరికీ ఇంక మాట్లాడుకోవడం కుదరలేదు.